ఖఫ్జీలో దొరకని లైసెన్సు

ఖఫ్జీ అనగానే మనవాళ్ళలో పెద్దవయసు వారికి 1991 జనవరి గుర్తుకొస్తుంది. ఆ నెల 29వ తేదీ రాత్రి ఇరాక్ సైన్యం ఆ ఊళ్ళోకి చొరబడింది. ఫిబ్రవరి 1 కల్లా సౌదీ, ఖతర్ దళాలు అమెరికా విమానాల అండతో ఊరిని తిరిగి పట్టుకున్నాయి. ఆ యుద్ధం గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను దాని జోలికి పోను. ఆ తర్వాత రెండేళ్ళకు, 1993 మొదట్లో, అదే ఊళ్ళో ఒక క్యాంపు మెస్సులో వడ్డించే పనికి కరీంనగర్ జిల్లా నుంచి వెళ్ళినవాణ్ణి నేను. ఇప్పుడు టెక్సస్‌లో చిన్న రెస్టారెంటు నడుపుతున్నాను. అక్కడ మద్యం వడ్డించడానికి ఎవరికీ కాగితం పుట్టదు. ఇక్కడ కాగితం లేని మనిషి చేతికి నేను సీసా ఇవ్వను. ఈ రెంటి వెనకా ఉన్న చరిత్ర ఈ మహాసభలకు వచ్చిన హోటళ్ళ వారికీ, తినడానికి వచ్చే వారికీ కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. 1922లో ఉఖైర్ ఒప్పందంతో సౌదీ, కువైట్‌ల మధ్య కొంత ఎడారిని ఎవరికీ చెందకుండా, ఇద్దరికీ చెందేలా వదిలేశారు. తటస్థ మండలం అన్నారు దాన్ని. 1957, 58లలో జపాన్‌కు చెందిన అరేబియన్ ఆయిల్ కంపెనీ రెండు దేశాల దగ్గరా హక్కులు తీసుకుంది. 1960లో ఖఫ్జీ ఎదుట సముద్రంలో చమురు పడింది. ఆ చమురు చుట్టూనే ఊరు పెరిగింది. తర్వాత మండలాన్ని పంచుకుంటే ఖఫ్జీ సౌదీ వాటాకి వచ్చింది. 2000 ఫిబ్రవరిలో సౌదీ వైపు జపాన్ వాళ్ళ హక్కు ముగిసింది. మా మెస్సులో జపాన్ వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఈజిప్టు వాళ్ళు, మలయాళీలు, మనవాళ్ళు అందరూ ఒక వరసలో పళ్ళేలు పట్టుకుని నిలబడేవారు. జపాన్ పెద్దమనిషికి రాత్రి భోజనంతో బీరు అలవాటు. ఆయన బల్ల మీద మేం పెట్టేది మాత్రం మద్యం లేని మాల్టు పానీయం. దాని పేరు మూసీ! హైదరాబాదు చూసినవాడెవడికైనా ఆ సీసా మూత తీస్తుంటే నవ్వు రాకుండా ఉంటుందా?

సౌదీలో ముస్లింలకు మద్యం మొదటినుంచీ నిషిద్ధమే. కానీ విదేశీయులు తెప్పించుకోవడం కొంతకాలం సాగింది. 1951 నవంబరులో జెద్దాలో బ్రిటిష్ వైస్ కాన్సల్ సిరిల్ ఔస్మన్ ఇంట్లో విందు జరిగింది. రాజు అబ్దుల్ అజీజ్ కొడుకుల్లో ఒకడైన మిషారీకి ఇక పోయనని ఔస్మన్ అన్నాడు. మిషారీ తుపాకీతో కాల్చి ఆయన్ని చంపేశాడు. మరుసటి ఏడు, 1952లో, రాజు దేశమంతటా విదేశీయులకు కూడా మద్యం నిషేధించాడు. చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక పేరాతో సరిపోతుంది గానీ, నాలాంటి వడ్డించేవాడికి ఇందులో వేరే సంగతి కనిపిస్తుంది. తాగినవాడికి ఇక పోయనని చెప్పడమే ఆయన ప్రాణం మీదికి వచ్చింది.

నిషేధం వచ్చింది గానీ తాగుడు పోలేదు. చమురు కంపెనీల కాలనీల్లో దొంగచాటు సరుకు పుట్టింది. దానికి సిద్దీఖీ అని పేరు. అరబ్బీలో నా మిత్రుడు అని అర్థం. మిత్రుడెంతటివాడో ఇళ్ళకు నిప్పంటుకున్నాకో, కళ్ళు పోయాకో తెలిసేది. నిజామాబాదు వైపు నుంచి వచ్చిన ఒకాయన పక్క క్యాంపులో దీన్ని అమ్ముతూ దొరికాడు. జైలు, కొరడా దెబ్బలు, ఆపై ఇంటికి పంపేయడం. ఆయన చేసిన అప్పు మాత్రం ఊళ్ళో అలాగే ఉంది. (కొరడా శిక్షకు బదులు జరిమానా, జైలు ఉండాలని సౌదీ సుప్రీంకోర్టు 2020లో నిర్ణయించింది.) పొరుగునున్న కువైట్‌లోనూ నిషేధమే. 2025 ఆగస్టులో అక్కడ మిథనాల్ కలిసిన కల్తీ మద్యం తాగి 23 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆసియా కార్మికులే. సొంత దేశంలో బంధువులకు ఆ శవపేటిక ఎలా అప్పగిస్తారో చూసినవాణ్ణి కాబట్టి ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

1986లో కట్టిన వంతెన దాటితే బహ్రెయిన్‌లో మద్యం చట్టబద్ధంగా దొరుకుతుంది. కానీ ఎగ్జిట్ రీఎంట్రీ కావాలి, కంపెనీ దగ్గరున్న పాస్‌పోర్టు కావాలి. అది ఇంజనీర్ల సరదా, మా బోటివాళ్ళది కాదు. 2024లో రియాద్ దౌత్య వాడలో ముస్లిమేతర దౌత్యవేత్తల కోసం ఒక మద్యం దుకాణం తెరిచారు. దుకాణం తెరిచారే గానీ, గ్లాసులో పోసి ఇచ్చే బారు మాత్రం కాదు.

ఇంతకీ లైసెన్సు అనేది నాకు కొత్త మాట కాదు. మా నాయన కల్లు గీసేవాడు. మోకు, ముస్తాదు, గీత కత్తి, సాయంత్రానికి మండువలో లొట్లు, ఇదీ మా ఇల్లు. 1968 నాటి ఎక్సైజు చట్టం కింద గీత కార్మికుల సహకార సంఘాలకూ, విడిగా చెట్టుకింత అని గీసుకునేవారికీ లైసెన్సులు ఇచ్చేవారు. లైసెన్సు లేకుండా గీస్తే కేసు. చదువు రాని మా నాయన ఆ కాగితాన్ని మడతలు పడకుండా ట్రంకు పెట్టెలో అడుగున దాచేవాడు. సారా సంగతి వేరు. దానికి వేలం పాటలు, కాంట్రాక్టర్లు. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో అమ్మించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు రోసమ్మ ముందుండగా సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం, ఈసారి అదే ఎన్టీఆర్ చేతి మీదుగా! మా ఆవిడ ఖఫ్జీకి రాసిన ఉత్తరంలో, "మీ దగ్గర, మన దగ్గర ఇప్పుడు ఒకటే చట్టం" అని ఉంది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు.

మా బావమరిది వేసిన కాగితాల మీద అమెరికా వచ్చాక మొదట ఒక రెస్టారెంటులో చేరాను. రెండో రోజే మేనేజరు, సర్వర్ సర్టిఫికెట్ ఉందా అని అడిగాడు. ఉద్యోగంలో చేరడానికి మళ్ళీ ఒక చదువా అనుకున్నాను. అమెరికాలోనూ 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం నడిచింది. టెక్సస్‌లోనైతే కాక్‌టెయిల్ గ్లాసులో పోసి అమ్మడం 1971 దాకా బార్లకు అనుమతి లేదు. 1987లో చేసిన చట్టం ప్రకారం సిబ్బందికి శిక్షణ ఇప్పించిన యజమానికి ఒక రక్షణ ఉంది. పనివాడు పొరపాటున మైనరుకో, మత్తులో ఉన్నవాడికో పోస్తే, యజమాని దాన్ని ప్రోత్సహించకుండా ఉన్నంతవరకు, అతని పర్మిట్ పోదు. అందుకే చట్టం తప్పనిసరి చేయకపోయినా ఇక్కడి యజమానులు అడుగుతారు. సర్టిఫికెట్ రెండేళ్ళు పనిచేస్తుంది. 18 ఏళ్ళు నిండితే వడ్డించవచ్చు. మీ రాష్ట్రంలో ఇలాగే ఉండాలని లేదు. కాలిఫోర్నియా 2022 నుంచి తప్పనిసరి చేసింది. వాషింగ్టన్‌లో వడ్డించడానికి 18, కలిపి పోయడానికి 21 ఏళ్ళు నిండాలి.

క్లాసులో నేర్పేది కాక్‌టెయిళ్ళు కలపడం అనుకుంటారు చాలామంది. కాదు. 12 ఔన్సుల బీరు, 5 ఔన్సుల వైను, ఒకటిన్నర ఔన్సు విస్కీ, మూడూ ఒకటే డ్రింకు కింద లెక్క. ఒకటిన్నర ఔన్సంటే 44 మిల్లీలీటర్లు. మన పెద్ద పెగ్గు 60. మన విందుల్లో "రెండే తాగాను" అనే బాబాయిల లెక్క ఎక్కడ తప్పుతుందో నాకు అక్కడే అర్థమైంది. ఆ తర్వాత గుర్తింపు కార్డు చూడడం, మాట తడబడేవాణ్ణి కనిపెట్టడం, గొడవ రాకుండా ఇక చాలని చెప్పడం. తాగించి పంపినవాడి కారు ఎవరినైనా గుద్దితే, తాగించినవాడి మీదా దావా పడవచ్చు.

మా దగ్గర ఇప్పుడు పనిచేసే కుర్రాళ్ళలో మన విద్యార్థులూ ఉన్నారు. పని చేసేందుకు అనుమతి ఉందని తేలాకే తీసుకుంటాను, సర్టిఫికెట్ వచ్చాకే బారు వైపు పంపుతాను. ఆ మధ్య ఒక శనివారం రాత్రి పాతిక మంది బంధువులతో వచ్చిన ఒక పెద్దాయనకు నాలుగో గ్లాసు పోయనని ఒక కుర్రాడు మర్యాదగా చెప్పాడు. "నేనెవరో తెలుసా నీకు?" అన్నాడాయన. నన్ను పిలిపించారు. "తమ్ముడు చెప్పింది నిజమేనండీ" అన్నాను. మజ్జిగ తెప్పించి, ఆయన మరదలి చేతికి కారు తాళాలిప్పించాను. వచ్చే నెల ఆయనే మళ్ళీ వచ్చి, ఆ కుర్రాడు వడ్డించే బల్లే కావాలని అడిగాడు.