కౌమార తరగతిలో కదలిక: మార్కుల వాదన ఎందుకు చాలదు?

పాఠంలో శారీరక కదలికను కలపాలనేవారు సాధారణంగా మార్కులు పెరుగుతాయని ఆశ చూపుతారు. ఆ ఆశకు ఆధారం పలుచన. నార్వేలో 2014-15లో 57 పాఠశాలల్లోని పదేళ్ల పిల్లలతో జరిగిన ‘యాక్టివ్ స్మార్టర్ కిడ్స్’ ప్రయోగంలో వారానికి 165 నిమిషాల కదలిక చేర్చారు. అందులో 90 నిమిషాలు భాష, గణిత పాఠాలనే కదులుతూ నేర్చుకున్నారు. మొత్తంమీద చదువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గణితంలో బాగా వెనకబడ్డ మూడో వంతు పిల్లలు మాత్రం మెరుగుపడ్డారు. దీన్ని వైఫల్యంగా చదవడం తొందరపాటు. మన తల్లిదండ్రుల భయం మార్కులు పెరగవని కాదు, తగ్గుతాయని. బల్లల ముందు గడిచే గంటన్నర పోయినా చదువు దెబ్బతిన్న జాడ లేదు. తేడా కనిపించకపోవడం తేడా లేదనడానికి పూర్తి రుజువు కాదు గానీ, ‘టైం వేస్ట్’ అనే ఆక్షేపణకు మాత్రం గట్టి జవాబే.

పద్నాలుగేళ్లవారి సంగతి వేరు. 2017-18లో అక్కడే జరిగిన ‘స్కూల్ ఇన్ మోషన్’ ప్రయోగంలో ఒక వర్గానికి పాఠంతో కలిసిన కదలిక కూడా ఇచ్చారు. మరో వర్గం స్నేహితులతో కలిసి నచ్చిన ఆటలు ఎంచుకుంది. రెండింటికీ వారానికి 120 నిమిషాలు అదనం. గణితంలోనూ పఠనంలోనూ రెండు వర్గాలూ స్వల్పంగా లాభపడ్డాయి. పరీక్ష రాయనివారిని కూడా లెక్కలోకి తెస్తే ఆ లాభం ఇంకా తగ్గింది. అసలు విశేషం, స్వేచ్ఛగా ఆడినవారు ఏ మాత్రం వెనకబడకపోవడం. కనుక కదలికను పాఠంలోకి తేవాలంటే ఆ పాఠానికి దాని అవసరం ఉండాలి. సరైన జవాబున్న గోడవైపు పరుగెత్తే క్విజ్‌లో కాళ్లకు పని ఉంటుంది, విషయానికి ఉండదు. దూరం-కాలం గ్రాఫు అలా కాదు. ఆ గీతను నడిచిన దారి బొమ్మగా పొరబడటం భౌతికశాస్త్ర బోధనలో బాగా తెలిసిన చిక్కు. వరండాలో మీటరుకో సుద్దగీత గీసి, ఒకరు నడుస్తూ, ఆగుతూ, వెనక్కి వస్తుంటే మిగతావారు స్టాప్‌వాచ్‌తో కొలిచి గీస్తే, నిలబడ్డ క్షణాలు అడ్డగీతగా ఎందుకు సాగుతాయో తేలికగా తెలుస్తుంది.

నార్వే బడులు మన బడులు కావన్నది న్యాయమైన అభ్యంతరం. 2020 జాతీయ విద్యావిధానం ఆటలతో మేళవించిన బోధనను సిఫారసు చేసింది. కానీ ఆటస్థలమే లేని బహుళ అంతస్తుల ఇంటర్ కాలేజీల్లో, ఆటల పీరియడ్‌ను కూడా సిలబస్‌కు వాడుకునే పదో తరగతిలో ఆ సిఫారసు ఎక్కడ నిలుస్తుంది? ఈ స్థితిలో పాఠంలో కదలికను ఆటల పీరియడ్‌కు బదులుగా చూపడం ప్రమాదం, ఉన్నదీ పోతుంది. అందరి ముందూ కదలడానికి సిగ్గుపడే వయసన్న మాటా నిజమే, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. అందుకే నడిచేవారిని టీచరు ఎంపిక చేయకూడదు. నడవడం, కొలవడం, గీయడం అనే పనుల్లో ఏది చేయాలో జట్టే పంచుకోవాలి.