విరామకాలం, చేతిఫోను

చేతిఫోను వ్యసనం ప్రస్తావనకు వస్తే మన విద్యావంతులు యువకుల క్రమశిక్షణారాహిత్యాన్ని నిందిస్తారు. ఇది నీతిబోధే గాని విమర్శ కాదు. ఒక అలవాటు కోట్లమందిలో ఒకే దశాబ్దంలో పాతుకొన్నదంటే, దాని మూలాలను వ్యక్తి బలహీనతలో గాక చరిత్రలో వెదకాలి.

పొన్నూరు ప్రాంతాన్నే తీసుకొందాం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం సంఘటితమైంది. 1930ల్లో ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం స్థాపించారు. ఆయన తరువాతి రాజకీయాలతో మనకెంత విభేదమున్నా, రైతుబిడ్డల తీరిక అక్కడ ఆలోచనగా మారిందన్నది కాదనలేం. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఆ తీరికకు పాటనిచ్చింది. ఒకరి దుఃఖాన్ని పదిమంది వినే చోట్లవి.

అటువంటి చోట్లు పలచబడిన కాలంలో, 2016 సెప్టెంబరులో జియో చౌక డేటాతో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో, కరోనాకు బడులు మూతబడి వున్నప్పుడే, ఫేస్‌బుక్ జియో ప్లాట్‌ఫామ్స్‌లో 43,574 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రకటించింది. ఆ జూన్‌లో టిక్‌టాక్ నిషేధమైతే, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దిగింది. సరుకు మారింది, అవసరం మారలేదు.

ఏమిటా అవసరం? నేను గమనించినంతలో అవి మూడు: ఒంటరితనం, నలుగురిలో వెనుకబడతామనే భయం, రేపటిని గురించిన ఆందోళన. ఉద్యోగ ప్రకటనకు ఎదురుచూసే పట్టభద్రుడూ, మిర్చి ధరకు ఎదురుచూసే రైతూ ఒకే తెర మీద వేలు కదుపుతున్నారు. తెర ఆ బాధను తీర్చదు, కాసేపు మరపిస్తుంది. మరపు తొలగగానే చేయి మళ్లీ జేబులోకి పోతుంది.

ఈ బలహీన క్షణాన్ని యంత్రం పట్టుకొన్నది. గింజ ఎప్పుడు పడేదీ తెలియనప్పుడే పావురం ఎడతెగక మీటను పొడుస్తుందని ఫెర్‌స్టర్, స్కిన్నర్‌లు 1957 నాటి గ్రంథంలో చూపారు. 2006లో ఎజా రాస్కిన్ రూపొందించిన అంతులేని పుట, 2009లో ఫేస్‌బుక్ పెట్టిన లైక్ మీట ఇటువంటి నిరీక్షణనే మనిషిలో పెంచాయి. తర్వాతి వీడియోలో ఏమున్నదో తెలియదు గనుకనే ఆగలేం. ఆగకపోవడంలోనే ప్రకటనల లాభమున్నది. ఇక్కడ మన చూపే సరుకు.

అయితే ఫోనును తిట్టి ప్రయోజనం లేదు. 2020–21 రైతు ఉద్యమ వార్తలను ఊరూరికీ మోసింది ఇదే ఫోను. సాధనం ఎవరి చేతిలో, ఎవరి లాభానికి వున్నదన్నదే ప్రశ్న. ఉపాధి భద్రత కోసం పోరాడటం, సాయంత్రాలు పదిమంది కూడే గ్రంథాలయాన్ని తిరిగి నిలబెట్టడం — ఈ రెండూ విద్యార్థులూ ఉపాధ్యాయులూ కలిసి చేయవలసిన పనులు. ఒంటరితనానికి ఉపన్యాసం మందు కాదు, సాటిమనిషే మందు.