విండోస్ మార్చాక పాత ఫోల్డర్ తెరుచుకోవట్లేదా?
2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ సపోర్ట్ ఆగిపోవడంతో చాలామంది విండోస్ 11 కొత్తగా వేయించుకున్నారు. తీరా డి డ్రైవ్‌లో నిఖా ఫొటోలు తెరవబోతే ‘పర్మిషన్ లేదు’ అంటోంది. ఫైళ్లు పోలేదు, ఎవరైనా ఫార్మాట్ చేద్దామంటే ఒప్పుకోకండి. పాత పేరే పెట్టినా కొత్త అకౌంట్‌కు విండోస్ లోపల వేరే గుర్తింపు నంబర్ ఇస్తుంది. ఫోల్డర్ మాత్రం పాత నంబర్‌నే ఓనర్ అనుకుంటుంది.

అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయి, ముందు ‘కంటిన్యూ’ నొక్కి చూడండి. కుదరకపోతే ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లండి. ఓనర్ పక్కన ‘చేంజ్’ నొక్కి మీ అకౌంట్ పేరు ఇచ్చి, దాని కిందే ఉన్న ‘రీప్లేస్ ఓనర్’ గడిలో టిక్ పెట్టండి. అది మరిస్తే లోపలి ఫోల్డర్లు అలాగే మొరాయిస్తాయి. సి డ్రైవ్ మొత్తానికి మాత్రం ఇలా చేయొద్దు. ఫైళ్లు ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డర్‌లో ఉంటే ఇవాళే కాపీ చేసుకోండి, మామూలుగా 10 రోజులకు దాన్ని విండోసే తీసేస్తుంది.