నక్కను పిలిచినోళ్లు: మా పేరు వెనక ఉన్న చరిత్ర



చెంచుల గురించి, యానాదుల గురించి, ఎరుకల గురించి ఇక్కడ మంచి పోస్టులు చదివినాం. నక్కల తెగ గురించి మాత్రం ఎవరూ రాయలేదు. మాలో కాలేజీ దాకా వచ్చినోళ్లు తక్కువ, అందుకే మేమే రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

ముందు పేరు సంగతి. హాస్టల్లో హాజరు తీసుకునేటప్పుడు మా వంతు రాగానే వెనకనుంచి ఎవడో ఒకడు నక్కలాగా ఊళ పెడతాడు. అందరూ నవ్వుతారు. తెలుగులో నక్క జిత్తులు, నక్క వినయం అంటారు కదా, మోసగాళ్లు కాబట్టే నక్కలోళ్లు అన్నారని చాలామంది లెక్క. చిన్నప్పుడు మేమూ అదే అనుకుని తల దించుకున్నాం. కానీ ఆ పేరు మా గుణానికి పెట్టింది కాదు, మా పనికి పెట్టింది. నక్కను గొంతుతో పిలిచి పట్టినోళ్లు కాబట్టి నక్కలోళ్లు.

తమిళనాడులో మావాళ్లనే నరికురవర్లు అంటారు. నరి అంటే నక్క. కురువిక్కారన్ అని ఇంకో పేరు, కురువి అంటే పిట్ట. మాకు మేము చెప్పుకునే పేరు వాగ్రి. ఇంట్లో మాట్లాడేది వాగ్రి బోలి. అది తెలుగుకో తమిళానికో చుట్టం కాదు, గుజరాతీ వైపు భాష. మా పెద్దలు ఆ దిక్కు నుంచి దిగివచ్చినారని చెప్పడానికి భాషే సాక్ష్యం.

ఇక వేట. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేసినాడు. అందులో మా వేట గురించి ఉంది. చుట్టూ వల కట్టి, లోపల ఒక మనిషి పెద్ద కర్ర పట్టుకుని కూర్చుంటాడు. అచ్చం నక్కలాగే ఊళ వేస్తాడు. ఏమైందో చూద్దామని నక్కలు పరుగెత్తి వస్తాయి. అప్పుడు కొట్టి పడేస్తారు. లోవెన్తాల్ అనే పాస్టర్ ముందు మావాడు ఒకడు ఊళ వేసి చూపించినాడట. అది విన్న ఏ నక్కా తన జాతివాడు కాదని అనుమానపడదని రాసుకున్నారు. పాస్టర్ పేరు పుస్తకంలో ఉంది. ఊళ వేసిన మావాడి పేరు లేదు.

నక్క ఎందుకు వస్తుంది? నక్కలు ఆడామగా జంటగా ఉంటాయి, తమ తావును కాపాడుకుంటాయి. కొత్త గొంతు వినబడితే జవాబు ఇస్తాయి, ఎవరో చూడడానికి దగ్గరికి వస్తాయి. అంటే మావాళ్లు గొంతు ఒక్కటే నేర్చుకోలేదు. నక్క ఏ ఊళకు ఏమనుకుంటుందో కూడా నేర్చుకున్నారు. ఇది ఏ బడిలోనూ చెప్పని చదువు.

మంచి ఒక్కటే చెప్పి చెడు దాచడం చరిత్ర కాదు. నక్క కొమ్ము అని మావాళ్లు అమ్మినారు. నక్కకు కొమ్ము ఉండదు. పుర్రె వెనక ఎముకను అరగదీసి మొనలాగా చేసేవాళ్లని థర్‌స్టనే రాసినాడు. అది మోసమే, ఒప్పుకుంటాం. కానీ కొన్నదెవరు? నక్కతోక తొక్కితే అదృష్టం అని నమ్మే లోకమే కదా. ఆకలి ఉన్నోడు అమ్మినాడు, ఆశ ఉన్నోడు కొన్నాడు. పేరు మాత్రం ఒక్కరికే చెడింది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా ఆగిపోయింది. మావాళ్లు పూసలు, సూదులు, పిన్నులు పట్టుకుని సంతల్లో, బస్టాండ్లలో పడినారు. 2002 నాటి సవరణ చట్టం 2003లో వచ్చినాకనే ఆంధ్రప్రదేశ్ ఎస్టీ జాబితాలో నక్కల, కుర్వికరన్ అని చేరింది. ఈ హాస్టల్ సీటు దాని పుణ్యమే. తమిళనాడులో మావాళ్లకు అది 2023 దాకా రాలేదు.

ఇంకో సంగతి చూడండి. అమెరికాలో కయోటీ అని నక్క లాంటి జంతువు ఉంది. దాన్ని పిలవడానికి నోటితో ఊదే పీకలు, బ్యాటరీ యంత్రాలు దుకాణాల్లో అమ్ముతారు, పోటీలు కూడా పెడతారు. గ్రీసు, హంగరీ దేశాల్లో శాస్త్రవేత్తలు రాత్రిపూట స్పీకర్లో నక్క ఊళ వినిపించి, వచ్చే జవాబులను బట్టి నక్కల లెక్క తీస్తున్నారు. అక్కడ అది శాస్త్రం, పరిశోధన. అదే పని మా తాతలు వట్టి గొంతుతో చేస్తే ఎగతాళి.

వేట మళ్లీ కావాలని మేము అడగడం లేదు. నక్కలు బతకాలి, చట్టం ఉండాలి. కానీ ఆ విద్య పోతా ఉంది. మాకెవరికీ ఊళ రాదు. ఒకరోజు హాస్టల్ మిద్దె మీద ప్రయత్నిస్తే వీధికుక్కలు మొరిగినాయి, అంతే. వచ్చినోళ్లు మా వాడల్లో ముసలివాళ్లే.

అందుకే ఒక మనవి. మీ తెగలో పిట్టను, జంతువును గొంతుతో పిలిచే తాతలు, అవ్వలు ఉంటే ఈ సెలవుల్లోనే ఫోన్లో రికార్డు చేయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అట్లా పిలిచేవాళ్లో అడిగి రాయండి. పిలిచినవాళ్ల పేరు తప్పకుండా రాయండి. థర్‌స్టన్ రాయనిది అదొక్కటే.

మేమూ మా వాడ నుంచి మొదలుపెడుతున్నాం. రేపు హాజరులో ఎవడైనా ఊళ పెడితే, తప్పుగా పెట్టినావు తమ్ముడూ అని సరిచేసే రోజు రావాలి.

జోహార్.