అరూబా దీవిపై జలాంతర్గామి దాడి



1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ ఓడ చెన్నపట్టణపు నూనె తొట్లను కాల్చిన వృత్తాంతము మీ పెద్దలవలన వినియుందురు. ఆ శత్రువు నీటిపై తేలుచు వచ్చినది. నేను నేడు విన్నవించునది నీటిలో మునిగి వచ్చిన శత్రువు మాట.

దక్షిణ అమెరికా ఉత్తర తీరమున, వెనిజువేలాకు ఎదురుగా, అరూబా యను దీవి కలదు. పొడవు 20 మైళ్లు. వాన తక్కువ, నాగజెముడు ఎక్కువ. అట్టి చోట ప్రపంచమునందలి మిక్కిలి పెద్ద తైలశుద్ధిశాలలలో నొకటి ఏల వెలసినదని మీరడుగవచ్చును. ముడినూనె దొరకునది వెనిజువేలాలోని మరకైబో సరస్సున. ఆ సరస్సు ముఖద్వారమున ఇసుకమేట యుండుటచే ఆ కాలమున పెద్ద ఓడలు చొరజాలకుండెను. కావున లోతు తక్కువ నీటను నడచు చిన్న ఓడలు నూనెను దీవికి చేర్చెడివి. శుద్ధియైన పిమ్మట అది మహానౌకలకెక్కి యుద్ధరంగములకు పోయెడిది. ఆ చిన్న ఓడలే ఆ వ్యాపారమునకు ప్రాణముగా నుండెను.

1942 ఫిబ్రవరి 16వ తేదీ, అర్ధరాత్రి దాటిన పిమ్మట, హార్టెన్‌స్టైన్ నడపు యు-156 అను జర్మను జలాంతర్గామి సాన్ నికొలాస్ రేవు చేరెను. లంగరు వేసియున్న పెడెర్నలెస్, ఒరాన్యెస్టాడ్ అను రెండు ఓడలు టార్పెడో దెబ్బకు మండిపోయెను. మండుచున్న నూనె నీటిపై పరచుకొనగా, దూకినవారికి సముద్రమును శరణము గాకపోయెను.

తరువాత శుద్ధిశాలపై ఫిరంగి నెక్కుపెట్టిరి. ఉప్పునీరు చొరకుండ గొట్టపు నోట బిగించు బిరడాను తీయుట మరచిరి! గుండు లోపలనే పేలి గొట్టము చీలెను. ఒక సైనికుడు మరణించెను. ఒక అధికారి కాలు కోల్పోయెను. శుద్ధిశాల నిలిచెను. ఆ నావికులు చీలిన గొట్టమును రంపముతో కోసి, పిమ్మటకూడ దానినే వాడిరి. శత్రువులైనను వారి పట్టుదలను నేను కాదనజాలను.

అదే దినమున యు-502 మరి మూడు చిన్న ఓడలను ముంచెను.

చరిత్రకారులు బిరడా కథను ముచ్చటగా చెప్పుదురు. నా మనస్సు ఓడవారియందే నిలుచును. ప్రక్కనున్న కురసావ్ దీవిలో, నూనె ఓడలపై పనిచేయు చీనా నావికులు, కాపుదల లేనిదే సముద్రము మీదికి పోమనిరి. వారిని నిర్బంధించిరి. 1942 ఏప్రిల్ 20వ తేదీన ఆ శిబిరమున డచ్చి ప్రభుత్వ భటులు కాల్పులు జరుపగా 15 మంది చనిపోయిరి.