ప్రయోగశాల పల్స్ ఎక్స్-రే జనకాలు

ఎక్స్-కిరణాలను ఎడతెగకుండా కాక, అతి స్వల్పకాలపు పల్సులుగా వెలువరిస్తూ ఒక్క గదిలో ఇమిడిపోయే సాధనాలివి. నంద్యాల జిల్లాలోని బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాల సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబుల్లో సున్నపురాయి కూర్పును తేల్చే ఎక్స్-రే యంత్రాలు ఈ కోవలోకి రావు. వాటి ట్యూబు పరీక్ష జరిగినంతసేపూ కిరణాలనిస్తూనే ఉంటుంది. బిళ్లగా నొక్కిన రాతిపొడి ఎక్కడికీ కదలదు కనుక అది చాలు. ఉక్కు పలకను చీల్చుకుపోయే తుపాకీ గుండును చూడాలంటే మాత్రం కిరణం తటాలున పుట్టి ఆరిపోవాలి.

ఇందుకు పాత పద్ధతి ఫ్లాష్ ఎక్స్-రే. ఎర్విన్ మార్క్స్ 1924లో రూపొందించిన జనరేటరే తరచు దీనికి ఆధారం. కెపాసిటర్లను సమాంతరంగా ఛార్జి చేసి, స్పార్క్ గ్యాపుల ద్వారా ఒక్కసారిగా శ్రేణిలో కలిపితే వోల్టేజీ లక్షల్లోకి చేరుతుంది. క్యాథోడ్ నుంచి దూసుకొచ్చిన ఎలక్ట్రాన్లు ఆనోడ్‌ను ఢీకొని పదుల నానోసెకన్లపాటు ఎక్స్-కిరణాలనిస్తాయి. సెకనుకు కిలోమీటరు వేగంతో పోయే గుండు 20 నానోసెకన్లలో కదిలేది 0.02 మిల్లీమీటర్లే, చిత్రం చెదరదు.

లేజర్ పద్ధతిలో ఫెమ్టోసెకన్ల పల్సును ఒక లక్ష్యంపై కొన్ని మైక్రాన్ల చోటున కేంద్రీకరిస్తారు. అక్కడి పదార్థం ప్లాస్మాగా మారి, వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు ఎక్స్-కిరణాలు పుట్టిస్తాయి. కిరణాలు పుట్టే చోటు చిన్నది కాబట్టి చిత్రం స్పష్టంగా వస్తుంది. అసలు చిక్కు లక్ష్యంతోనే: ప్రతి పల్సుకూ లక్ష్యం మీద ఒక గుంట పడుతుంది, మరుసటి పల్సుకు కొత్త చోటు చూపాలి.

హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ప్రాంగణంలో ఎం. కృష్ణమూర్తి బృందం ఈ చిక్కును ద్రవంతో దాటింది: ప్రతి పల్సుకూ కొత్త చుక్క ముందుకొస్తుంది. 2024లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, సుమారు 15 మైక్రాన్ల మిథనాల్ బిందువును తొలి చిన్న పల్సు సొట్టపరుస్తుంది. కొన్ని నానోసెకన్ల తర్వాత వచ్చే ప్రధాన పల్సు ఆ ఆకృతిలో ఎలక్ట్రాన్లను మెగా ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయికి తోస్తుంది. పల్సుకు 2 మిల్లీజూళ్లు, సెకనుకు వెయ్యి పల్సులు. మామూలుగా ఎలక్ట్రాన్లను ఆ స్థాయికి తోయాలంటే వంద రెట్లు తీవ్రమైన లేజర్ కావాలి. లేజర్‌ను పెంచే బదులు లక్ష్యాన్ని మలచడమే ఇక్కడి తెలివి. కృష్ణమూర్తి, సహచరులు 2012లోనే గాజుపై ఇ. కోలై బ్యాక్టీరియా పూతతో ఎక్స్-రే దిగుబడిని గణనీయంగా పెంచారు.

ఈ కిరణాల శక్తిని కొలవడం వేరే తలనొప్పి. ఫోటాన్లన్నీ ఒకే క్షణంలో డిటెక్టరు మీద పడితే రెండు చిన్నవి కలిసి ఒక పెద్దదిగా నమోదవుతాయి. అందుకే డిటెక్టరును దూరం జరిపి, మధ్యలో లోహపు రేకులు అడ్డుపెట్టి, చాలా పల్సులకు ఒక్క ఫోటాన్ చొప్పున మాత్రమే లెక్కిస్తారు.