నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలా? ఫీజు కట్టే ముందు ఈ ఉచిత వేదికలు చూడండి

డిగ్రీ లేదా ఇంజినీరింగ్ పూర్తవగానే అమీర్‌పేటలో హాస్టల్ చూసుకుని ఏదో ఒక కోర్సులో చేరడం తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి అలవాటైన దారి. అలా ఎంచుకునే కోర్సుల్లో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ ఒకటి. హాస్టల్ ఖర్చు, శిక్షణ ఫీజు కలిస్తే ఇంటి మీద పడే భారం తక్కువేమీ కాదు. అయితే ఆ పాఠాల్లో చాలా భాగం ప్రభుత్వ వేదికల్లో ఉచితంగానే దొరుకుతోంది. ప్రాక్టికల్స్‌కు కావాల్సిన సాఫ్ట్‌వేర్‌కూ పైసా కట్టక్కర్లేదు. ఎక్కడ ఏముంది? ఎలా చేరాలి? ఏ సర్టిఫికెట్‌కు ఎంత విలువ? ఆ వివరాలివీ..

అసలు ఏం నేర్చుకోవాలి?

ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు సమాచారం ఎలా వెళ్తుంది, మధ్యలో ఆగిపోతే ఎక్కడ ఆగిందో ఎలా కనిపెట్టాలి.. స్థూలంగా నెట్‌వర్కింగ్ అంటే ఇదే. ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, స్విచ్, రూటర్, డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ, వీల్యాన్ వంటివి ఇందులో మొదటి మెట్లు. బ్యాంకు శాఖ, ఆసుపత్రి, కాలేజీ, కేబుల్ ఇంటర్నెట్ సంస్థ.. అన్నింటికీ ఈ పని తెలిసినవాళ్లు కావాలి. క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ వైపు వెళ్లాలన్నా పునాది ఇదే.

స్వయం, ఎన్‌పీటీఈఎల్ అంటే?

కేంద్ర విద్యాశాఖ ఆధ్వర్యంలో 2017 జులైలో మొదలైన ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం. ఇంజినీరింగ్ పాఠాలను ఇందులో ప్రధానంగా ఎన్‌పీటీఈఎల్ అందిస్తోంది. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ కలిసి 2003లో ప్రారంభించిన కార్యక్రమమిది. ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యులు బోధించిన ‘కంప్యూటర్ నెట్‌వర్క్స్ అండ్ ఇంటర్నెట్ ప్రొటోకాల్’ కోర్సు ఇందులో ఉంది. ఇది 12 వారాల కోర్సు. బీటెక్ స్థాయిలో ఉంటుంది కాబట్టి, అసలు ఏమీ తెలియనివారికి మొదటి రెండు వారాలు కాస్త బరువుగా అనిపించవచ్చు.

నమోదు ఎలా?

స్వయం వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి. కోర్సు పేరు వెతికి చేరితే చాలు. ఎన్‌పీటీఈఎల్ కోర్సులు సాధారణంగా ఏటా జనవరి, జులై సెమిస్టర్లలో నడుస్తాయి. ప్రతి వారం వీడియో పాఠాలు, ఒక అసైన్‌మెంట్ వస్తాయి. సెమిస్టర్ దాటిపోయినా నష్టం లేదు. పాత పాఠాల వీడియోలు యూట్యూబ్‌లో ఎప్పుడైనా చూడవచ్చు. కాకపోతే అలా చూసినందుకు సర్టిఫికెట్ రాదు.

పాఠాలు ఉచితం.. పరీక్షకే ఫీజు

చాలామంది తడబడేది ఇక్కడే. కోర్సులో చేరడం ఒకటి, పరీక్షకు నమోదు చేసుకోవడం మరొకటి. రెండింటికీ గడువు తేదీలు వేరు. అసైన్‌మెంట్లన్నీ శ్రద్ధగా రాసి, పరీక్షకు మాత్రం దరఖాస్తు చేయడం మరిచిపోతే ఆ సెమిస్టర్‌కు సర్టిఫికెట్ లేనట్టే.

పరీక్ష ఫీజు కోర్సుకు రూ.1,000 స్థాయిలో ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు రాయితీ ఉంది. ఆ సెమిస్టర్‌కు ఎంతన్నది ప్రకటనలో చూసుకోవాలి. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు. ఎంచుకున్న నగరంలోని కేంద్రానికి గుర్తింపు కార్డుతో వెళ్లి పర్యవేక్షణలో రాయాలి.

మార్కుల లెక్క ఇదీ: అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే 25కు కనీసం 10, 75కు కనీసం 30 తెచ్చుకోవాలి. 12 వారాల కోర్సులో ఉత్తమంగా రాసిన 8 అసైన్‌మెంట్లనే లెక్కిస్తారు. కాబట్టి ఒకట్రెండు వారాలు తప్పినా కంగారు పడక్కర్లేదు.

కాలేజీలో చదువుతున్నవారికి మరో లాభం కూడా ఉంది. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివేందుకు విద్యాసంస్థలు అనుమతించవచ్చు. అయితే ఏ కోర్సుకు క్రెడిట్లు ఇవ్వాలన్నది కాలేజీ, యూనివర్సిటీ నిర్ణయం. చేరాక అడగడం కాదు, చేరేముందే అడగాలి.

రూటర్ కొనకుండానే ప్రాక్టికల్స్

ఈత గురించి ఎన్ని పాఠాలు విన్నా నీళ్లలో దిగకపోతే రాదు. నెట్‌వర్కింగ్ కూడా అంతే. రూటర్లు, స్విచ్‌లు కొనలేని విద్యార్థుల కోసం కొన్ని ఉచిత సాధనాలున్నాయి.

ప్యాకెట్ ట్రేసర్: సిస్కో సంస్థ 1997 నుంచి నడుపుతున్న నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచిత ఖాతా తెరిస్తే ఈ సాఫ్ట్‌వేర్‌ను దించుకోవచ్చు. తెర మీదే రూటర్, స్విచ్, కంప్యూటర్లు పెట్టి, కేబుళ్లు కలిపి, కమాండ్లు ఇచ్చి చూడవచ్చు. ‘నెట్‌వర్కింగ్ బేసిక్స్’ వంటి ప్రాథమిక కోర్సులూ అక్కడే ఉచితంగా ఉన్నాయి. కొత్తవారికి ఎన్‌పీటీఈఎల్ కన్నా ఇవే తేలిక.

వర్చువల్ ల్యాబ్స్: కేంద్ర విద్యాశాఖ చేపట్టిన కార్యక్రమం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ సహా పలు విద్యాసంస్థలు ఇందులో ఉన్నాయి. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే ప్రయోగాలు చేయవచ్చు.

వైర్‌షార్క్: నెట్‌వర్క్‌లో ప్రయాణించే ప్యాకెట్లను విప్పి చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్. పుస్తకంలో చదివిన డీఎన్‌ఎస్ ప్రశ్న, జవాబు మన కంప్యూటర్లో నిజంగా ఎలా వెళ్లివస్తాయో ఇందులో కనిపిస్తుంది.

ఒక చిన్న ప్రయోగం

ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు కంప్యూటర్లను ఒక స్విచ్‌కు కలపండి. మొదటిదానికి 192.168.1.10, రెండోదానికి 192.168.1.20 అని అడ్రస్ ఇవ్వండి. రెండింటికీ మాస్క్ 255.255.255.0. మొదటి దాని నుంచి రెండోదాన్ని పింగ్ చేస్తే జవాబు వస్తుంది.

ఇప్పుడు రెండో కంప్యూటర్ అడ్రస్‌ను 192.168.2.20గా మార్చండి. అదే స్విచ్, అదే కేబుల్. అయినా పింగ్ వెళ్లదు. అవతలిది వేరే నెట్‌వర్క్ అని మొదటి కంప్యూటర్ మాస్క్‌ను బట్టి తేల్చుకుంటుంది. బయటికి పంపే గేట్‌వే కోసం చూస్తుంది, అది లేదు. రెండో కంప్యూటర్‌ను వేరే స్విచ్‌కు మార్చి, రెండు స్విచ్‌ల మధ్య రూటర్ పెట్టండి. రూటర్‌కు ఒకవైపు 192.168.1.1, మరోవైపు 192.168.2.1 ఇచ్చి, వాటినే ఆయా కంప్యూటర్లలో డీఫాల్ట్ గేట్‌వేగా రాయండి. సిస్కో రూటర్ పోర్టులు మొదట మూసి ఉంటాయి, ‘నో షట్‌డౌన్’ కమాండ్ ఇచ్చి తెరవాలి. తర్వాత పింగ్ చేస్తే తొలి ఒకట్రెండు ప్యాకెట్లు పోయినా తర్వాతివి చేరతాయి. అవతలి పరికరం హార్డ్‌వేర్ అడ్రస్‌ను ఏఆర్‌పీ ద్వారా తెలుసుకునేందుకు పట్టే సమయమది.

అరగంట కూడా పట్టని ఈ ప్రయోగంతో స్విచ్‌కు, రూటర్‌కు తేడా ఏమిటో తెలిసిపోతుంది. ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లను అడిగే ప్రశ్నల్లో ఇదొకటి.

మూడు కాగితాలు.. మూడు అర్థాలు

సర్టిఫికెట్లన్నీ ఒకటి కావు. ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేస్తే వచ్చే బ్యాడ్జి, పాఠం ముగించారని మాత్రమే చెబుతుంది. ఎన్‌పీటీఈఎల్ సర్టిఫికెట్, పర్యవేక్షణలో పరీక్ష రాసి నెగ్గారని చెబుతుంది. దానికి కాలేజీ క్రెడిట్ల విలువ కూడా ఉండవచ్చు. మూడోది సీసీఎన్ఏ వంటి పరిశ్రమ సర్టిఫికేషన్.

సీసీఎన్ఏ పరీక్ష కోడ్ 200-301, సమయం 120 నిమిషాలు. రాయడానికి ఎలాంటి డిగ్రీ అవసరం లేదు. ఫీజు 300 డాలర్లు. పన్నులతో కలిపితే మన డబ్బులో రూ.25 వేలు దాటుతుంది. మూడేళ్లే చెల్లుతుంది. ఇంత ఖర్చు కాబట్టి పాఠాలు, ప్రాక్టికల్స్ ఉచిత వేదికల్లో పూర్తిచేసుకుని, పూర్తిగా సిద్ధమయ్యాకే దీనికి డబ్బు కట్టడం మేలు. ఏ శిక్షణ కేంద్రమైనా ‘సీసీఎన్ఏ సర్టిఫికెట్ ఇస్తాం’ అంటే, అది తమ సొంత కోర్సు సర్టిఫికెటా, లేక అసలు పరీక్ష ఫీజు కూడా అందులో కలిసి ఉందా అని రాతపూర్వకంగా అడగండి.

తెలుగులో ఉన్నాయా?

నెట్‌వర్కింగ్ పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. ఎన్‌పీటీఈఎల్ కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు సహా భారతీయ భాషల్లో అనువాదాలు ఇస్తోంది. ఐఐటీ బాంబే ‘స్పోకెన్ ట్యుటోరియల్’ వేదికలో లైనక్స్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. సర్వర్ల పనికి లైనక్స్ తప్పనిసరి కాబట్టి తెలుగు మీడియం విద్యార్థులు అక్కడి నుంచి అందుకోవచ్చు.

ల్యాప్‌టాప్ లేకపోతే?

వీడియోలు ఫోన్‌లో చూడవచ్చు. ప్యాకెట్ ట్రేసర్‌కు మాత్రం కంప్యూటర్ కావాలి. కాలేజీ ల్యాబ్‌లో వేయించమని అధ్యాపకులను అడగండి. విద్యార్థులు ఉచితంగా వాడుకోవచ్చు కాబట్టి కాలేజీకి ఖర్చు ఉండదు. ఇంటర్నెట్ సరిగా లేని ఊళ్లలో స్వయం ప్రభ డీటీహెచ్ చానళ్లు కొంతవరకు ఉపయోగపడతాయి.

ఈ పొరపాట్లు వద్దు

వైర్‌షార్క్‌ను మీ సొంత నెట్‌వర్క్‌లో, లేదా అనుమతి ఉన్నచోటే వాడండి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్, నెట్‌వర్క్‌లోకి దురుద్దేశంతో చొరబడటం ఐటీ చట్టం-2000లోని 66వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా పడవచ్చు. సీసీఎన్ఏకు ‘డంప్స్’ పేరుతో అమ్మే అసలు ప్రశ్నపత్రాల జోలికీ పోవద్దు. అవి నిబంధనలకు విరుద్ధం. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మొదటి నెల నెట్‌వర్కింగ్ బేసిక్స్, ప్యాకెట్ ట్రేసర్. ఆ తర్వాత వచ్చే జనవరి లేదా జులై సెమిస్టర్‌లో ఎన్‌పీటీఈఎల్ కోర్సు. దాంతోపాటే వారానికి రెండు ప్రయోగాలు, చేసిన ప్రతి ప్రయోగానికీ ఒక నోట్సు. సెమిస్టర్ చివరికి మీ దారి మీకే తెలుస్తుంది. అప్పటికీ దగ్గరుండి చెప్పేవారు కావాలనిపిస్తే శిక్షణ కేంద్రానికి వెళ్లండి. అప్పుడు ఏం అడగాలో, ఎంతకు ఎంత కట్టాలో తెలిసి వెళ్తారు.